స్థానిక వాటా

చిన్నచేపల్ని బూడిదలో దొర్లించి, కత్తిపీట ముందేసుకుని ఒక్కొక్కటే తలా తోకా తీస్తోంది మొర్షెదా. సగం కూడా అవలేదు, వసారాలోంచి మొగుడి పిలుపు.

"మీమ్ వాళ్ళమ్మా! చేతులు బాగా తోముకుని రా. ఫారం వచ్చింది. పోయినసారి కాగితాలు చేపల కంపు కొట్టాయని ఢాకా వాళ్ళు నవ్వుకున్నారట."

ఢాకా వాళ్ళకి వేరే పని లేదా! నవ్వుకున్నది ఈయనే. ఆమె సబ్బుతో రెండుసార్లు తోముకుంది, వాసన చూసుకుంది, కోపమొచ్చి మూడోసారి తోమకుండా వెళ్ళింది.

ఆమె మొగుడు మోఖ్లెసుర్‌కి ఆరో ఏట తట్టు సోకి చూపు పోయింది. గైబంధా పట్నం పక్కన ఈ ఊరి వికలాంగుల హక్కుల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. మైకు పట్టుకుంటే సంతకొచ్చినవాళ్ళు కూడా సంచులు కిందపెట్టి వింటారు. ఇలాంటి చిన్న సంఘాలకి ఢాకాలో ఒక సంస్థ ఏటా కొంత సాయం చేస్తుంది. వికలాంగులే నడుపుకోవాలన్నది వాళ్ళ షరతు. ఫోను ఆయనకి అన్నీ చదివి వినిపిస్తుంది గానీ, ఈ ఫారం ఫొటోగా వచ్చేసరికి అదీ నోరు మూసుకుంది. కోశాధికారి అలేయా దాన్ని బజార్లో అచ్చు వేయించి తెచ్చి, ఊతకర్ర గోడకానించి, బల్ల మీద కూర్చుంది.

మొర్షెదా చదవడం, ఆయన చెప్పడం, ఆమె రాయడం. పదకొండేళ్ళుగా ఇదే వరస.

"స్థానిక వాటా," చదివింది. "సంఘం తన వంతుగా ఏమిస్తుంది?"

"డబ్బెక్కడిది మనకి? శ్రమ అయినా ఒప్పుకుంటారుగా, నీ పేరు రాయి. చదవడం, రాయడం, ప్రయాణాల్లో తోడు, వచ్చినవాళ్ళకి భోజనాలు. వారానికి ఇరవై గంటలు."

"ఇరవయ్యా?"

"ఎక్కువైందా? సరే, పదిహేను వెయ్యి. నమ్మరు మళ్ళీ."

ఆమె మనసులో లెక్క అరవై దగ్గరుంది.

"పైన సహాయకుల జీతం అని గడి ఉందిగా?"

"వదిలెయ్. నిన్ను పెడితే సంఘం సొమ్ము ఇంట్లోకి తోడుకున్నాడంటారు. బయటివాళ్ళని పెడితే, ఇంట్లో నువ్వుండగా దండగ."

కాదనడానికి ఎక్కడా సందు లేదు. ఆయన మాటలెప్పుడూ అంతే, సున్నం కొట్టిన గోడలా నున్నగా ఉంటాయి. చెయ్యెత్తిన మనిషి కాదు, చేపలో ముళ్ళు తనే ఏరుకుంటాడు. ఆయన మీద కోపమొస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియదు. చూపులేనివాడి మీద కోపమా అని ముందు తనే తిట్టుకుంటుంది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు గడ్డం పట్టుకుని, "నా కొడుక్కి కళ్ళు నువ్వే తల్లీ, స్వర్గం నీకు రాసిపెట్టి ఉంది" అంటే పొంగిపోయింది. కళ్ళకి ఎవరు జీతమిస్తారు? కళ్ళని నీకు నిద్రొస్తోందా అని ఎవరడుగుతారు? స్త్రీల హక్కుల మీద రంగ్‌పూర్‌లో ఆయన ఉపన్యసిస్తుంటే, ఆ ఉపన్యాసం రాసిపెట్టిన తను వెనక గదిలో కప్పులు కడుగుతూ కూర్చుంది. అదీ సరే. కానీ నెలకిందట బోరింగు దగ్గర అలేయా అన్న మాట దాన్ని మించి గుచ్చుకుంది. "నేనూ ఇంటర్ చదివాను వదినా. ఆరేళ్ళుగా కోశాధికారిని. ఆ ఫారం ఒక్కసారీ నా చేతికి రాలేదు. నువ్వున్నావుగా." ఎత్తిపొడుపు కాదది, ఉన్నమాట. తన ఊడిగం తనని తినేస్తోందనే అనుకుంది ఇన్నాళ్ళూ. అలేయా దారికి కూడా తను అడ్డం పడి కూర్చుందా? ఆ రోజు నుంచి కూర్చుంటే లేవాలని, లేస్తే ఎటు పోవాలో తెలియని గుంజాటన.

"ఏం, ఆగావే?"

"ఇంకో గీత ఉంది. ఈ ఏడు కొత్తగా పెట్టారు. 'శ్రమ ఇస్తున్న వ్యక్తి ఇష్టపూర్వకంగానే ఇస్తున్నట్టు సంతకం.'"

"పెట్టెయ్."

అలేయా తలెత్తింది. మొర్షెదా కలం కింద పెట్టింది. ఏం రాసినా ఈయనకి తెలియదు. అయినా లేనిది ఉన్నట్టు ఒక్క అక్షరం చదవలేదు ఇన్నేళ్ళలో. ఇప్పుడూ చదవదు.

"పెట్టలేదు. గడి ఖాళీగానే ఉంది."

"చేపలు ఆలస్యమయ్యాయని కోపమా?" నవ్వబోయాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆయన ముఖం పాలిపోయింది. చెయ్యి చాపి బల్ల తడిమాడు. "నువ్వు లేకపోతే నేనెట్లా, మీమ్ వాళ్ళమ్మా?"

ఆ చెయ్యి ఆమె పట్టుకుంది.

"ఇంట్లో నేనున్నాను. సంఘానికి రాసిచ్చేముందు నన్నొక మాట అడగాలిగా. అడగండి."

ఆయన నోట ఉపన్యాసాల గొంతు కాదు వచ్చింది, ఇంకెవరిదో. "నీకు... ఇష్టమేనా?"

నికాహ్ రోజున ఖాజీ ఇదే మాట మూడుసార్లు అడిగితే, మూడోసారికి వెనకనుంచి మేనత్త గిల్లితే గాని ఆమె నోరు పెగల్లేదు. ఆ తర్వాత ఇన్నేళ్ళకి మళ్ళీ అడిగిన మనిషి ఈయనే. ఈసారి ఒక్కసారి అడిగితే చాలింది.

"లేదు," అంది మొర్షెదా, ఫారాన్ని అలేయా వైపు జరుపుతూ.