మిరపచేలో చొక్కా

నేను ఒక పొడుగు చేతుల చొక్కాను. నరసరావుపేటలో ఒక ముసలి దర్జీ నన్ను కుట్టాడు. మగవాళ్ళ చొక్కానని నిర్ణయించింది ఆయనే. అంతకుముందు నేను వట్టి నీలం గుడ్డను.

బాలస్వామి నన్ను తొడుక్కుని నాలుగేళ్ళు పత్తి మిల్లులో మేస్త్రీగా తిరిగాడు. జేబులో పెన్ను, కాలరు కింద రుమాలు, ఎంత దర్జా! మిల్లు మూతబడేనాటికి పత్తి దుమ్మంతా అతని ఊపిరితిత్తుల్లో చేరింది. బస్తాలెత్తబోతే పది అడుగులకే దగ్గి కూలబడేవాడు. ఇక ఊళ్ళో అతను చేయగలిగింది మిరపకాయ కోత ఒక్కటే. అది ఆడవాళ్ళ పని. అందుకని అరుగు మీద కూర్చుని, బెజవాడలో పని మాట్లాడుతున్నానని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాడు.

కోతకు అతని భార్య సువార్త వెళ్ళింది. ఎండకూ ఘాటుకూ చేతులు మండకుండా చీర మీద నన్ను తొడుక్కుంది. ఆ చేలో ఆడవాళ్ళందరూ మొగుళ్ళ చొక్కాల్లోనే ఉంటారు. అందుకు ఎవరూ నవ్వరు.

ఒక ఉదయం బాలస్వామి గట్టు మీదికొచ్చాడు. లుంగీ ఎగ్గట్టి, తలకు తువ్వాలు చుట్టి, పనికే వచ్చాడు.

"ఏందే సువార్తా, మీ ఆయనకి చీర కట్టి తీసుకురాకపోయినావా?" అంది పక్క సాలులోని వెంకాయమ్మ. చేనంతా గొల్లుమంది.

సువార్త గట్టు వైపు తిరిగింది. రమ్మంటుందనుకున్నాను.

"నువ్వెందుకొచ్చావయ్యా, పరువు తియ్యడానికా? ఇంటికి పో!" అంది.

అతను తువ్వాలు విప్పి భుజాన వేసుకుని గట్టు దిగాడు. ఇంటికి మాత్రం వెళ్ళలేదు. ఎక్కడున్నాడో, అసలు ఉన్నాడో లేడో, ఈనాటికీ కబురు లేదు.

ఆ తర్వాత గట్టు మీద ఎవరు దగ్గినా సువార్త చెయ్యి కాయ మీదే ఆగిపోయేది. ఎన్నిసార్లు ఉతికినా నా కాలరులో అతని చెమట వాసన పోలేదు. ఆమె మెడ అక్కడ ఆనినప్పుడల్లా, ఆ వాసన ఆమెకు తగులుతుందేమోనని నాకు భయమేసేది.

ఈ ఏడు నా మోచేతులు చిరిగాయి. దిష్టిబొమ్మకు పాత చొక్కా కావాలని రైతు అడిగితే సువార్త నన్నిచ్చింది. తనే కర్రలకు తొడిగి గుండీలు పెట్టింది. నా లోపల ఎవరూ లేరు. అయినా గాలి వీస్తే నా భుజాలు అచ్చం అతని భుజాల్లాగే లేస్తాయి.

నిన్న ఆమె నా పక్క సాలు పట్టింది. కాసేపు కోసి, నా చేతికి తన గోనెసంచి తగిలించింది.

"రావయ్యా, కోద్దాం. నవ్వేవాళ్ళను నవ్వనీ," అంది.

చేలో ఎవరూ నవ్వలేదు.