బయటున్న రోజుల కంచం

నేను ఒక సత్తు కంచాన్ని. పెళ్ళయిన ఏడాది తాయారమ్మ కోసం నన్ను కొన్నారు కానీ, ఈ ఇంటి వంటగది ఎలా ఉంటుందో నాకు తెలియదు. నెలకు మూడు రోజులు ఆమె బయట చేరి వసారాలో కూర్చున్నప్పుడు మాత్రమే నాతో పని. గరిటె నాకు తగలకుండా అన్నం పైనుంచి వేసేవారు. మిగతా రోజుల్లో ఆమె వండినదే ఇంటిల్లిపాదీ తినేవారు. నాకు నవ్వు వచ్చేది.

ముప్పై ఒకటో ఏట గడ్డలున్నాయని ఆమెకు గర్భసంచి తీసేశారు. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేశారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తిరిగొచ్చి, "పీడ విరగడైంది" అంటూ నన్ను చూరులో దోపింది. ఇరవై రెండేళ్ళు అక్కడే ఉండిపోయాను.

మొన్న ఎండాకాలం ఆమె చెయ్యి నా కోసం చూరంతా తడిమింది. నన్ను దింపి, బూజు తుడిచి, వసారా మూల కూర్చుంది. కూతురు హైమ అన్నం తెచ్చింది.

"దగ్గరికి రాకమ్మాయ్. బయటున్నా."

"నీకింకా అవెక్కడివే అమ్మా?"

"ఎల్లుండి తలకు పోసుకుని లోపలికొస్తాలే."

ఆ ఎల్లుండి రాలేదు. ఆమెకు ప్రతిరోజూ మొదటి రోజే. నాలో అన్నం కలుపుతూ, ఎందుకు కలుపుతోందో మరిచిపోయి, నా అంచు చుట్టూ వేలితో తిప్పుతూ ఉండేది. ఆ వేలు తగిలితే నాకు భయంగా ఉండేది.

హైమకూ గర్భసంచిలో గడ్డలు వచ్చాయి. సోమవారం ఆపరేషన్. మేనత్త కోటమ్మ వచ్చింది.

"మొత్తం తీయించేసుకోవే. మళ్ళీ ఏ రోగమూ రాదు."

"అమ్మను చూసిన డాక్టరమ్మను అడిగానత్తా. అమ్మకి అండాశయాలు కూడా తీసేశారంట. వాటిల్లో ఊరే ఈస్ట్రోజెన్ అనే హార్మోను మెదడుకి కూడా ఆసరాగా ఉంటదంట. చిన్న వయసులోనే అది ఆగిపోతే అల్జీమర్స్, అదే అమ్మకున్న మతిమరుపు జబ్బు, వచ్చే ముప్పు పెరగొచ్చంట."

"అయితే మీ అమ్మకి అందుకే వచ్చిందా?"

"అదే కారణమని చెప్పలేమంది. కాదని కూడా అనలేదు."

"ఎన్ని సంగతులు పట్టించుకుంటావే, పిచ్చిదానా."

కోటమ్మ వెళ్ళిపోయాక హైమ ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం తీసింది. సంతకం చేయలేదు. పైన ఖాళీ జాగాలో, 'గడ్డలు తీయండి. అండాశయాలు బాగుంటే ఉంచండి' అని పెద్ద అక్షరాలతో రాసింది.

తాయారమ్మ ముద్ద ఆపి ఆ కాగితం వంక చూసింది. చాలా రోజుల తర్వాత ఆమె కళ్ళు ఒకచోట నిలిచాయి.

"నాకూ ఇచ్చారు ఇట్టాంటిది. ఏం రాసుందని అడిగితే, నీకెందుకమ్మా అన్నారు. వేలిముద్ర వేశా."

హైమ ఏడుస్తూ తల్లి చెయ్యి పట్టుకుంది. తాయారమ్మ ఆ చేతిని మెల్లగా విడిపించుకుని, నాలో చెయ్యి కడుక్కుంది.

"నన్ను ముట్టుకున్నావుగా. పోయి నీళ్ళు పోసుకో. ఇంతకీ ఎవరి పిల్లవమ్మా నువ్వు?"