గుడి కాదని సంతకం

సిలువను తువ్వాలులో చుట్టి బీరువా వెనక్కి తోసేసరికి జ్ఞానానందం మోచేతికి సున్నం అంటింది. గోడమీద అది ఉన్నంత మేర తెల్లగా సిలువ ఆకారం మిగిలింది. దానిమీద ఇండియా పటం తగిలించాడు.

నగరం అనే ఊరి దగ్గరి ఆ పల్లెలో ఈ తాటాకు పాకే ఆదివారం గుడి, మిగతా రోజులు బడి. ఆదివారం ప్రసంగం చెప్పేదీ, మిగతా రోజులు పాఠం చెప్పేదీ జ్ఞానానందమే. మిషను బడే అయినా నడిచేది సర్కారు గ్రాంటుతో. "సర్కారు సొమ్ముతో ప్రార్థనలేంటి?" అని ఊళ్లో నరసింహం అర్జీ పెట్టాడు. ఇవాళ ఇన్‌స్పెక్టరు జగన్నాథరావు వస్తున్నాడు. ఇది గుడి కాదని ఆయనకి రాసిచ్చి సంతకం పెట్టాలి. గ్రాంటు ఆగితే బడి మూతే. ఇంకో బడి కాలవ దాటి నాలుగు మైళ్లు. అక్కడికి ఈ పల్లె పిల్లలు ఎన్నడూ పోలేదు.

బావమరిది సీమోను గుమ్మంలో నిలబడ్డాడు.

"మా అక్క మట్టి తొక్కి లేపిన గోడలు బావా ఇవి. గుడి కాదని ఎట్టా రాసిస్తావు?"

"రాసివ్వకపోతే రేపట్నించి ఇందులో నీ గేదెల్ని కట్టేసుకో."

"అక్క చూస్తానే ఉంటది."

"చూడనీ."

సీమోను ఉమ్మేసి వెళ్లిపోయాడు.

భార్య కాంతమ్మ పోయి మూడేళ్లు. బతికుండగా రోజూ తొమ్మిదిన్నరకి పాట ఎత్తుకునేది ఆమే. తరవాత ఇప్పుడు అయిదోక్లాసులో ఉన్న ప్రమీలారాణి ఎత్తుకుంటోంది. కాంతమ్మ నేర్పిన పాటే, కాంతమ్మ సాగదీతే. వారం రోజులుగా జ్ఞానానందం ఆ పిల్లలకి ఎక్కం చెప్పినట్టు ఒకటే మాట చెప్పాడు: ప్రార్థన లేదనాలి. తడబడినవాళ్లకి బెత్తం. తప్పని తెలిసే చేశాడు. తెలియక చేసుంటే క్షమించవచ్చు.

తొమ్మిదిన్నరకి ఎవరూ నోరు తెరవలేదు. ఆయన చెవిలో కాంతమ్మ పాడింది. రెండో చరణం దగ్గర ఆమెకి ఎప్పుడూ దగ్గొచ్చేది. ఇవాళా వచ్చింది.

రేపల్లె బస్సు దిగి అద్దె సైకిలు మీద వచ్చిన ఇన్‌స్పెక్టరు ప్రమీలారాణిని లేపాడు.

"ఇక్కడ ప్రార్థన చేయిస్తారా అమ్మా?"

"లేదండి."

"పాటలు?"

"మాకేం పాటలు రావండి."

ఆ రెండో జవాబు జ్ఞానానందం నేర్పింది కాదు.

గుడి కాదన్న కాగితం మీద జ్ఞానానందం సంతకం పెట్టాడు. "బడి నిలబెట్టుకున్నారు మాస్టారూ," అన్నాడు జగన్నాథరావు సైకిలెక్కుతూ.

బడి విడిచాక జ్ఞానానందం ప్రమీలారాణిని ఆపాడు.

"ఆయన వెళ్లిపోయాడుగా. ఇప్పుడు పాడమ్మా. ఒక్క చరణం."

ఆ పిల్ల బెత్తం వంక చూసింది.

"రావండి," అంది.

పంపేశాడు. ఆ పిల్ల కాలవగట్టు మలుపు తిరిగేదాకా గుమ్మం బయట నిలబడి, మళ్లీ లోపలికి వెళ్లాడు.

పొద్దుగూకే వేళకి ఊడవడానికొచ్చిన వరమ్మ, పటం కింద గోడకి ఆనుకుని కూర్చున్న ఆయన్ని చూసింది. "అయ్యగారూ," అని రెండుసార్లు పిలిచింది. భుజం తట్టింది. ఒళ్లు చల్లబడి ఉంది. చీపురు అక్కడే వదిలేసి సీమోను ఇంటికి పరిగెత్తింది.

బడి రోజుల్లో ఆయన చెప్పులు విప్పేవాడు కాదు. ఆదివారమే విప్పేది. ఆ బుధవారం గుమ్మం బయట, గోడవారగా, మడమలరిగిన తోలుచెప్పులు జతగా పెట్టి ఉన్నాయి.