కొమరయ్య జాగా

మృగశిర కార్తె నాడు హైదరాబాదులో చేప తినకపోతే అదేదో నేరం చేసినట్టే చూస్తారు జనం. ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎక్కడ చేపల బండి కనిపిస్తే అక్కడ తోపులాట. ఆ రోజు తెల్లవారకముందే బడంగ్‌పేట్ రామస్వామి మాత్రం పక్కింటి కొమరయ్య మోటారు సైకిలు వెనక, ఒళ్లో గాలం కర్ర పెట్టుకుని నాగార్జున సాగర్ దారిన పోతున్నాడు. దిల్‌సుఖ్‌నగర్ బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టే మనిషికి గాలంతో ఏం పని అని వీధిలో నవ్వుకున్నవాళ్లు నవ్వుకున్నారు.

అతనిది సరదా కాదు. భార్య లలితమ్మకు కడుపులో గడ్డ తీశాక నెలల తరబడి మందులు ఎక్కిస్తున్నారు. ఆ మందులకు ఆమె నాలుక మీద రుచి చచ్చిపోయింది. అన్నం పెడితే మట్టి అంటుంది, పాలు ఇస్తే ఇనుప కంపు అంటుంది. మొన్న డాక్టరమ్మ బరువు చూసి రామస్వామిని పక్కకు పిలిచింది. ఇలాగే చిక్కిపోతే వచ్చే వారం మందు ఎక్కించలేమని, ఏదో ఒకటి తినేలా చూడమని చెప్పింది. మందు ఆగితే ఏమవుతుందో ఆమె చెప్పలేదు, అడిగే ధైర్యం ఇతనికి లేదు.

బజారు నుంచి పెంపకపు కొర్రమట్ట తెస్తే లలితమ్మ దాణా వాసన అని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "సాగర్ నీళ్ల చేపయితే నోట్లెకు పోతదేమో" అని మాత్రం తనంతట తానే అంది. నెలల తర్వాత ఫలానాది కావాలని ఆమె అడగడం అదే మొదలు. రామస్వామి ఆ మాట పట్టుకుని కొమరయ్య గుమ్మంలో వాలాడు.

కొమరయ్య స్కూలు వ్యాను నడుపుతాడు. చేపల పిచ్చోడు. ఆదివారం చర్చి నుంచి వచ్చీ రాగానే మాయమై ఏదో ఒక నీళ్ల ఒడ్డున తేలుతాడని భార్య సాయమ్మ అందరికీ చెప్పుకుంటుంది. వదినె చేప తినాలనుకుంటోందని వినగానే ఇంకేమీ అడక్కుండా బండి తీశాడు.

దేవరకొండ దాటాక గుట్టలు మొదలయ్యాయి. వాటి సందుల్లోకి చొచ్చుకొచ్చిన సాగర్ నీళ్లు ఎండాకాలానికి బాగా కిందికి దిగి ఉన్నాయి. రామస్వామి మొదటి విసురుకే గాలం రాళ్లలో చిక్కుకుని తంగూసు దారం తెగింది.

"ఇటియ్యే అన్నా, నేను ముడేస్త" అన్నాడు కొమరయ్య.

"ముడెయ్యుడు నాకు నేర్పుతవా? మగ్గం మీద పెరిగినోన్ని" అన్నాడు రామస్వామి. పోచంపల్లి దగ్గర వాళ్లది నేత ఇల్లు. తెగిన పోగును రెండు వేళ్ల మధ్య తిప్పి అతికితే ముడి ఎక్కడుందో కంటికి కనిపించేది కాదు. రాళ్లలోంచి గాలం ఉన్న ముక్కను లాగి, ఇప్పుడు కూడా అలాగే అతికాడు. చూడముచ్చటగా ఉంది. నూలు పోగుకు నూలు పోగు పట్టు ఇస్తుంది. నున్నటి తంగూసు నీళ్లలో తడిస్తే ఆ పట్టు ఇవ్వదని పాపం ఆ చేతులకు తెలియదు.

కొమరయ్య అతన్ని ఒక బండ మీద కూర్చోబెట్టి తాను మలుపు తిరిగి వెళ్లిపోయాడు. గాలం వేసేవాడు ఇంట్లో గొడవలైనా చెబుతాడు గానీ తన జాగా ఎక్కడో చెప్పడు. కొమరయ్య కూడా ఆ జాతివాడే.

ఎండ ఎక్కుతుండగా నీళ్ల మీద తేలుతున్న రామస్వామి గాలం బెండు బుడుంగున మునిగింది. కర్ర వంగిపోయింది. లాగుతుంటే నీళ్ల పైకి నల్లటి వీపు కనిపించింది, మోచేయంత కొర్రమట్ట. మరుక్షణం చేతిలో బరువు లేదు. తంగూసు తెగనే లేదు. ముడి జారి, కొస చక్కగా చేతికి వచ్చింది.

అతని అరుపుకు కొమరయ్య పరుగెత్తుకొచ్చాడు. కొస చూసి పకపకా నవ్వాడు. "గిది చీర పోగు గాదే అన్నా!" అంటూ తలెత్తి చూసేసరికి రామస్వామి ఏడుస్తున్నాడు. దుకాణంలో పదిమందిని నవ్విస్తూ చీరలు అమ్మే మనిషి, చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"తినకుంటే వచ్చే వారం మందు ఎక్కియ్యరంటరా. లలితకు గూడ చెప్పలే నేను."

కొమరయ్య నవ్వు ఆగిపోయింది. "గీ మాట పొద్దుగాల్నే చెప్తే ఏమైతుండె?" అని కసురుకున్నాడు. తన సంచిలోంచి కొత్త గాలం తీసి, తంగూసు కొసను తంగూసు చుట్టే చాలా మెలికలు తిప్పి, ఉమ్మితో తడి చేసి, పళ్లతో బిగించాడు. "లే, నడువ్" అన్నాడు.

మలుపు అవతల తుంగ మొలిచిన మడుగు ఉంది. పొద్దుటి నుంచి తవుడు ముద్దలు వేసి చేపలను మచ్చిక చేసుకున్న తన జాగాలో కొమరయ్య రామస్వామిని కూర్చోబెట్టాడు. నీళ్లు కదలకూడదని తన గాలం చుట్టేసి వెనక్కి జరిగి కూర్చున్నాడు.

"మరి నీకో? పండుగపూట సాయమ్మ ఊకుంటదా?"

"కోడిగుడ్ల పులుసు పెడ్తది తియ్యి. నువ్వు బెండు మీద కన్నెయ్యి."

ఎండ నడినెత్తికి వచ్చింది. బెండు మళ్లీ మునిగింది. ఇందాకటంత పెద్దది కాదు గానీ ఈసారి ముడి జారలేదు. కొమరయ్య దాన్ని నీళ్ల డబ్బాలో వేసి మూత బిగించాడు. కొర్రమట్టకు ఆయువు గట్టి, కాస్త నీళ్లుంటే ఇంటిదాకా బతుకుతుంది. దారి పొడుగునా అది రామస్వామి మోకాళ్ల మధ్య డబ్బాను టపటపా కొడుతూనే ఉంది. కొట్టినప్పుడల్లా అతను ముందు కూర్చున్న కొమరయ్య వీపు వైపు చూసి మనసులోనే దండం పెట్టాడు.

ఇంటికొచ్చాక సగం తీసుకోమంటే కొమరయ్య వినలేదు. "గింత చేపల సగమేంది?" అన్నాడు. మృగశిర నాడు మొగుడు ఉత్త చేతులతో వచ్చినా సాయమ్మ పల్లెత్తు మాట అనలేదు. పైగా కొంగు బిగించి వచ్చి, చేపను రాళ్లుప్పుతో తోమి, తానే పులుసు పెట్టింది.

లలితమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. కొంగు ముక్కు మీదికి పోలేదు. ఇంకో ముద్ద కలిపింది. చూస్తే ఆపేస్తుందేమోనని రామస్వామి గోడ మీది కేలండర్ చూస్తూ కూర్చున్నాడు. ఆమె ముక్క మొత్తం తిని, ముల్లు కూడా చప్పరించి, కంచం పక్కకు జరిపింది.

"ఇగో, మిగిలింది పారబొయ్యకు, మూతపెట్టు. చేపల పులుసు మర్నాటికే రుచి. రేపు పొద్దుగాల తింట" అంది.

ఆ ఇంట్లో నెలలుగా రేపు అంటే సూది, లేకుంటే స్కాను. రామస్వామి మూత అందుకున్నాడు గానీ గిన్నె మీద పెట్టడం మరిచి ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. సాయమ్మ నెమ్మదిగా అతని చేతిలోంచి తీసుకుని తానే పెట్టింది.

బయట కొమరయ్య బండి కడుగుతున్నాడు. రామస్వామి గుమ్మం దాటగానే "తిన్నదా వదినె?" అని అడిగాడు.

"తిన్నది. మిగిలింది రేపు తింటదంట."

కొమరయ్య నల్లా కట్టేశాడు. "రేపు తింటనన్నదా? తన నోటితోనే?"

"తన నోటితోనే" అని రామస్వామి అతని తడి చేతులు రెండూ పట్టుకున్నాడు. బండి ఇంకా సగం కడగాల్సి ఉన్నా వదలలేదు.