అద్దం మీద ఆరెకరాలు

కడియం నర్సరీలన్నిట్లో మౌసు పట్టిన మొట్టమొదటి ముసలాణ్ణి నేనే. మూడు రోజుల్లో దాన్ని చెప్పుచేతల్లో పెట్టుకున్నాను. నాలుగో రోజుకి నేను దగ్గితే చాలు, తెర మీద బాణం దానంతటదే కదిలేది.

రెండువేల నాలుగులో మా యజమాని భానుతేజ ఆరెకరాలు కొత్తగా కౌలుకు తీసుకుని, అందులో మళ్లన్నీ కంప్యూటర్లో బొమ్మగా గీయించాడు. మడికో గడి. బాణంతో నొక్కితే అందులో ఏ మొక్కలున్నాయో పేరు వస్తుంది. నొక్కకపోతే అన్నీ ఒకేలాంటి పచ్చ గడులు. "ఇది ఎవరికి బాగా వస్తే లారీల లోడింగ్ పని వాళ్లదే. నెలజీతం" అన్నాడు.

పోటీకి ఇద్దరం మిగిలాం. పాత తోట మేస్త్రీని కనక నెలజీతం నాకెప్పటినుంచో ఉంది, నాకది సరదా. లోవలక్ష్మికి అలా కాదు. పదహారేళ్లుగా షెడ్డులో మొక్కలకి అంట్లు కడుతోంది. వాన పడిన రోజు కూలి లేదు. కొత్త చేలో ఆవిడా నేనూ అడుగైనా పెట్టలేదు.

మౌసు పట్టేముందు తెర అద్దం మీద ప్రతి గడినీ లోవలక్ష్మి వేలితో ముట్టుకునేది. ముట్టుకున్నాకే బాణాన్ని అక్కడికి నడిపేది.

"అద్దం మీద ఆ మట్టి వేళ్లేంటి లోవలక్ష్మీ!" అని భానుతేజ విసుక్కునేవాడు.

"ముట్టుకోకపోతే నాకు గుర్తుండదండి బాబూ."

"దానికి బొట్టు పెడుతున్నావా అమ్మాయ్?" అన్నాను నేను.

"మీరు బల్లకి ఒళ్లు పడుతున్నారు కదండి బాబాయిగారూ, నేనేవన్నా అన్నానా?"

భానుతేజ రాజమండ్రి వెళ్లిన రోజున నాగపూర్ లారీ వచ్చింది. మొక్కల జాబితా పట్టుకుని కూర్చున్నానో లేదో కరెంటు పోయింది. పది రోజులు నొక్కిన గడుల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. ఎలా వస్తుంది? నా చెయ్యి బల్ల మీద నాలుగు వేళ్ల మేర జరిగింది, అంతే. ఆరెకరాలూ తిరిగింది ఆ బాణం.

"ఏంటండీ మేస్త్రీగారూ, మొక్కలు మొలిచేదాకా ఆగమంటారా?" అన్నాడు డ్రైవరు అచ్చిబాబు.

లోవలక్ష్మి నల్లటి అద్దం ముందు నిలబడి కళ్లు మూసుకుంది. వేలు మెల్లగా జరిగింది.

"దేవగన్నేరు ఇక్కడండి. దీనికి జానెడు కింద నూరువరహాలు. కుడి చివర మూల అంటు సపోటా."

ఆవిడ వేలు ఆగినచోటల్లా కాగితం మీద గుర్తు పెట్టి కూలీలకిచ్చి పంపాను. దేవగన్నేరు, నూరువరహాలు చెప్పినచోటే ఉన్నాయి. సపోటా పక్క మడిలో దొరికింది. కన్ను పోగొట్టుకున్నదాన్ని వేలు దాచిపెడుతుందని అరవై ఏళ్లు దాటాక తెలిసింది నాకు.

సాయంత్రం భానుతేజ అంతా విని, "రేపటినుంచి లోడింగ్ నీదే" అన్నాడు ఆవిడతో.

"మరి అద్దం ముట్టుకోవచ్చాండి?"

"ముట్టుకో. వెళ్లేటప్పుడు తుడిచెయ్."

ఇందులో ఒక్క ముక్క నేను కల్పించాను. ఆ రోజు కరెంటు పోలేదు. వెతుకుతూ వెతుకుతూ నేనే ఏదో నొక్కాను, తెర నల్లబడిపోయింది. మళ్లీ రప్పించడం నాకు చేతకాలేదు. నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. లోవలక్ష్మి ఫ్యాను వంక చూసింది, నా వంక చూసింది, కరెంటు పోయిందనే అందరికీ చెప్పింది.