అరిటాకుల కింద మూట

శ్రీరామమూర్తి ఇంట్లో ఏ వస్తువూ చావదు. చచ్చినా శవం గుమ్మం దాటదు. మొగుడి మీద వందనకున్న ఫిర్యాదులు చాలానే గానీ, అన్నిటికీ తల్లివేరు ఇదే. ఊపిరి పోయిన ఫోన్లు మూడు, పొట్ట ఉబ్బిన పవర్ బ్యాంకు ఒకటి, సగం వాడి మరిచిపోయిన బొద్దింకల స్ప్రే డబ్బాలు నాలుగు, అశోక్ నగర్‌లోని ఆ రెండో అంతస్తు ఫ్లాట్‌లో మంచం కింద కిరాయి కట్టకుండా కాపురముంటున్నాయి.

"అవి ఎక్కడ పడితే అక్కడ పారేసేవి కావే. బాగ్ లింగంపల్లిలో నెలకోసారి ఇలాంటివి తీసుకుంటారట. ఓ శనివారం పట్టుకెళ్ళి ఇచ్చొస్తాను" అంటాడాయన. ఆ మాట పుట్టి రెండేళ్ళయింది. శనివారాలు వచ్చాయి, పోయాయి. ఆయన మధ్యాహ్నం నిద్ర మాత్రం ఏ శనివారమూ చెడలేదు.

ఇక లాభం లేదని పోయిన వారం వందనే ఆ సరుకంతా చెత్త ఆటోలో వేయబోయింది. ఆటో నడిపేది ఎంకయ్య. అతని భార్య ఆశమ్మ వెనక చెత్తకుప్ప మీదెక్కి నిలబడి, ఒక్కో సంచీ విప్పి, ప్లాస్టిక్ ఒక పక్కకీ అట్టలు ఒక పక్కకీ విసిరి, మిగిలినదాన్ని కాళ్ళతో తొక్కి అణుస్తుంది. అలా అణచకపోతే ఒక్క వీధి చెత్త కూడా ఆటోలో పట్టదు. పాలమూరు నుంచి వచ్చి పదేళ్ళుగా ఆ ఇద్దరికీ అదే పని.

ఆశమ్మ పవర్ బ్యాంకును ఇటూ అటూ తిప్పి చూసి వెనక్కిచ్చేసింది. "ఇసొంటివి మేం తీస్కపోమక్కా. పోయినేడు కవాడిగూడల ఒకనికి ఇట్లనే మొఖం కాలింది."

"ఏం కాదులే ఆశమ్మా. అది ఎప్పుడో చచ్చిన బ్యాటరీ."

"సచ్చినంకనే గదక్కా ఉబ్బేది!"

ఆటో దగ్గర నిలబడ్డ నలుగురూ ఫక్కున నవ్వారు. నారాయణగూడ కాలేజీలో వందన చేసిన డిగ్రీలో ఈ తర్కం లేదు. తనూ నవ్వింది. నవ్వి, నలుగురిలో నవ్వులపాలైన సంగతి లోపల గుర్తుపెట్టుకుంది.

ఆదివారం ఇంట్లో సత్యనారాయణ వ్రతం జరిగింది. సోమవారం పొద్దున్నే వందన పెద్ద చెత్త సంచీ ఒకటి తీసింది. ఫోన్లూ, పవర్ బ్యాంకూ, స్ప్రే డబ్బాలూ శ్రీరామమూర్తి పాత లుంగీలో మూటకట్టి అడుగున పెట్టింది. పైన అరిటాకులు, వాడిన పూలు, కొబ్బరి పీచు. ఏటా గోంగూర పచ్చడి ఊళ్ళోంచి తెచ్చేటప్పుడు కూడా ఇంత పొందిగ్గా సర్దలేదు.

"దేవుడి ఆకులు ఆశమ్మా" అంటూ అందించింది.

ఆశమ్మ సంచీ విప్పలేదు. దేవుడివి కదా, పైనుంచి చేత్తో తాకి కళ్ళకద్దుకుంది. "తొక్కుడు తప్పదాయె, తప్పు కాయి సామీ" అని గొణిగింది.

వందన మెట్లెక్కి వచ్చి, రెండేళ్ళ పీడ విరగడయ్యే ముచ్చట చూద్దామని బాల్కనీలో నిలబడింది.

ఆశమ్మ మొదటిసారి తొక్కింది. రెండోసారి మడమతో గట్టిగా తొక్కింది. లోపల ఏదో టక్కున విరిగింది. అరిటాకుల సందుల్లోంచి తెల్లటి పొగ బుస్సుమంటూ లేచింది. ఆమె కాలు పైకెత్తేలోపే మంట చీర కుచ్చిళ్ళను పట్టుకుంది. ఆ వెంటనే మొదటి డబ్బా పేలింది.

ఆ చప్పుడుకి వీధిలో కిటికీలన్నీ అదిరాయి. ఆశమ్మ ఆటో మీంచి గాల్లోకి లేచి, మోకాళ్ళ మీద రోడ్డున పడింది. మండుతున్న కొబ్బరి పీచు వానలా చుట్టూ రాలింది. రెండో డబ్బా తారాజువ్వలా దూసుకెళ్ళి, అపార్ట్‌మెంట్ సెక్రటరీ కిషన్ రావు కొత్త కారు ముందద్దంలో దిగబడింది. బానెట్ మీద పూజదండ ఇంకా వాడలేదు.

ఎంకయ్య డ్రైవర్ సీట్లోంచి దూకి, భార్య చీరను ఉత్త చేతులతో పట్టి లాగాడు. బట్టతోపాటు పాదాల చర్మమూ ఊడొచ్చింది. ఆశమ్మ వేసిన కేక విని వందన చేతులు బాల్కనీ ఊచలను ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే, విడిపించుకోవడానికి ఆమెకే కాసేపు పట్టింది.

సగం గడ్డానికి సబ్బు నురగతో, చేతిలో గ్యారేజీ షట్టర్ లాగే ఇనుప కడ్డీతో కిషన్ రావు బయటికొచ్చాడు. కారును చూశాడు. ఎంకయ్యను చూశాడు. మధ్యలో పడున్న ఆశమ్మను చూడలేదు.

"సాలే! బీడీ తాగుకుంట చెత్త ఎత్తుతవా?" మొదటి దెబ్బ వీపు మీద పడింది.

"సారూ, బీడీ ఇడిసి ఆరేండ్లాయె. జర ఆగుండ్రి, ఈమె కాళ్ళు..."

రెండోది భుజం మీద పడింది. మూడోది పడబోతుంటే ఎంకయ్య ఆటోకి వేలాడుతున్న చెత్తపార లాగి ఎదురు తిప్పాడు. అది కిషన్ రావు కుడి మణికట్టుకు తగిలి ఎముక పెటుక్కుమంది. అంతే, చుట్టూ చేరిన జనానికి కావలసిన కారణం దొరికింది. ఒకడు హెల్మెట్‌తో తల మీద మోదాడు. ఇంకొకడు కింద పడేసి కడుపులో తన్నాడు. అప్పుడే నిద్రలేచి వచ్చిన మూడో అంతస్తు ఆయన "నేను చూసిన! నోట్ల బీడీ ఉండె!" అని సాక్ష్యం కూడా చెప్పేశాడు. ఎంకయ్య నుదుటి మీంచి కారిన నెత్తురు ముఖాన్ని సగానికి చీల్చింది.

వందన కిందికి వచ్చేసరికి శ్రీరామమూర్తి అక్కడే ఉన్నాడు. "ఆగండి, ఇది బీడీ మంటలా లేదు. బొద్దింకల మందు వాసన..." అంటూ వంగినవాడు సగంలో ఆగిపోయాడు. రోడ్డు మీద గళ్ళ గుడ్డ పీలిక ఒకటి పొగలు కక్కుతోంది. తన లుంగీ తనకు తెలియదా? తలెత్తి పెళ్ళాన్ని చూశాడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో నోరు మూసుకోవలసిన చోట ఒక్కనాడూ మూసుకోని మనిషి, ఈ రోజు మూసుకున్నాడు.

ఎవరో ఆటోరిక్షా పిలిచారు. ఆశమ్మను ఎక్కించారు కూడా. కిషన్ రావు ఎడమ చేత్తో దాని తాళం లాగి జేబులో వేసుకున్నాడు.

"ఒప్పుకుంటేనే బండి కదిలేది. పోలీసులొచ్చేదాక ఎవ్వరు పోవద్దు."

"కాళ్ళు మండుతున్నయి సారూ" ఆశమ్మ ఇప్పుడు అరవడం లేదు, వణుకుతోంది. అరుపు కంటే అదే భయంగా ఉంది. పాదాలున్న చోట ఎర్రటి మాంసం, దానికి అంటుకుని ఒక పూరేకు.

ఎంకయ్య మోకాళ్ళ మీద లేచాడు. నోట్లోంచి నెత్తురు ఉమ్మాడు.

"నేనే తాగిన సారూ. బీడీ నేనే తాగిన. సంపుతరా, జేల్ల ఏస్తరా, మీ ఇష్టం. ఆమెను దవఖానకు పోనియ్యుండ్రి."

"తాగలే!" ఆటోరిక్షాలోంచి ఆశమ్మ లేవబోయి కూలబడింది. "అబద్ధం ఎందుకాడుతవయ్యా?"

"ఒప్పుకుండు! విన్నరు గద అందరు?" కిషన్ రావు ఎడమ చేత్తో కడ్డీ మళ్ళీ ఎత్తాడు.

"వద్దు వందనా, ఊరుకో" శ్రీరామమూర్తి గొంతు వెనక నుంచి చాలా మెల్లగా వినిపించింది. ఊరుకోవడం ఎంత సులువో వందనకు అప్పుడే తెలిసింది. ఏమీ చెయ్యక్కర్లేదు. నిలబడితే చాలు.

ఆమె ముందుకు తోసుకెళ్ళి చెయ్యి అడ్డుపెట్టింది. ఎంకయ్య నెత్తికి దిగుతున్న కడ్డీ ఆమె ముంజేతి మీద పడింది. గాజులు పగిలి కండలో దిగాయి. కళ్ళు బైర్లు కమ్మాయి. జనం ఒక్క అడుగు వెనక్కి వేశారు.

"మేడం! మీరెందుకొచ్చిన్రు మధ్యల? పక్కకు జరగండి!"

"తాళం ఇవ్వండి."

"వాడు ఒప్పుకున్నడు మేడం, మీరు జాలిపడకండి..."

"జాలి కాదు!" వందన గొంతు చీరుకుపోయింది. చేతి నుంచి నెత్తురు మోచేతి దాకా కారుతుంటే, ఆటోరిక్షాలో ఉన్న ఆశమ్మ వైపు తిరిగింది. "ఆ బ్యాటరీలు నావి. పోయినవారం తీసుకోనని ఆశమ్మ నా మొహం మీదే చెప్పింది. ప్రమాదమని చెప్పింది. తెలిసి తెలిసి అరిటాకుల కింద దాచి, దేవుడివని చెప్పి ఇచ్చాను. అతను బీడీ తాగలేదు. తప్పు నాది ఆశమ్మా. నాదే తప్పు."