బయటి గడియ

తెల్లవారుజామున దీవిలోని లంబాలైన్ పేటలో ఒక రేకుల ఇంట్లో అన్నదమ్ములిద్దరు చేపల వేటకు బయలుదేరుతున్నారు. అన్న దానయ్య, తమ్ముడు మల్లేశు. వాళ్ల డింగీ పడవ జంగ్లీఘాట్ రేవులో కట్టి ఉంది. ఐస్ పెట్టె, వల వాకిట్లోకి చేరాయి. దానయ్య వంటింట్లోకి ఒక గ్లాసు టీ అందించి, లోపల నిలబడ్డ భార్య గురువమ్మ ముఖం చూడకుండా తలుపు వేశాడు. బయటి నుంచి గడియ పెట్టాడు. వంటింటి పెరటి గుమ్మానికి రాత్రి వేసిన తాళం అలాగే ఉంది, చెవి తల్లి దగ్గరుంది. కొడుకులు సందు మలుపు తిరిగారని నమ్మకం కుదిరాక, వాళ్ల తల్లి ఎరుకమ్మ వచ్చి ఆ గడియ తీసింది. గురువమ్మ ఖాళీ గ్లాసుతో బయటికొచ్చి చీపురు అందుకుంది. ఇందులో వింత ఏముందని ఆ ఇంట్లో ఎవరిని అడిగినా, ఏమీ లేదనే చెబుతారు.

గురువమ్మకు పిల్లలు లేరు. వేటకు వెళ్లేవాడికి పిల్లలు లేని ఆడది ఎదురు రాకూడదట! వీళ్ల తాతలు శ్రీకాకుళం తీరం వదిలి షిప్పు ఎక్కినప్పుడు వలలతో పాటు ఈ నమ్మకాన్నీ మూట కట్టుకున్నారు. దారిలో, ఈ దీవుల్లో ఎన్ని పోగొట్టుకున్నారో గాని, దీన్ని మాత్రం చెక్కుచెదరకుండా మనవల దాకా తెచ్చారు. మొదట్లో "నోపలికెల్లు" అన్న మాటతోనే సరిపోయేది. ఒకనాడు దానయ్య మరిచిపోయిన అన్నం కారియర్ పట్టుకుని గురువమ్మ వెనకాలే పరుగెత్తింది. ఆ రోజే నడిసముద్రంలో ఇంజను ఆగిపోయింది. మల్లేశు కొన్న డీజిల్‌లో నీళ్లు కలిశాయని మెకానిక్ చెప్పాడు. మెకానిక్ మాట ఎవరిక్కావాలి? ఆ వారమే తలుపుకు బయట గడియ వచ్చింది. బిగించింది దానయ్యే.

అలాగని దానయ్య చెడ్డవాడు కాడు. భార్యమీద చెయ్యెత్తి ఎరగడు. ఆస్పత్రులన్నీ తిరిగి తిరిగి ఆశ వదులుకున్నాక, దత్తత తీసుకుందామని అన్నది కూడా అతనే. దత్తత ఇచ్చే ఆఫీసులో దరఖాస్తు పెట్టారు. ఆడపిల్లయినా సరే, నల్లపిల్లయినా సరే అన్నారు. పిల్లను ఇచ్చే ముందు ఆఫీసు వాళ్లు ఇంటికొచ్చి అన్నీ చూసి, అందరితో మాట్లాడతారు. దాన్ని హోమ్ స్టడీ అంటారట. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి గురువమ్మకు కాలు నిలవలేదు.

ఇంటికి సున్నం వేశారు. డీజిల్ డబ్బాలు పక్కింటి షెడ్డుకు తరలించారు. నీళ్ల డ్రమ్ముకు మూత, పెరటి కాలువ మీద చెక్కలు, వేలాడే కరెంటు తీగకు గొట్టం, మందులకు ఎత్తుమీద అర. దానయ్య వల అల్లే నైలాన్ దారంతో ఉయ్యాల అల్లాడు. పసిదాని వేళ్లు ఇరుక్కుంటాయని గురువమ్మ అంటే విప్పేసి, అల్లిక కన్నాలు చిన్నవి చేసి మళ్లీ అల్లాడు. రాత్రి భోజనాలయ్యాక మల్లేశు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆఫీసరు వేషం కట్టి తల్లిని ప్రశ్నలడిగేవాడు.

"మా జీ, పిల్ల ఏడిస్తే క్యా కరేగా?"

"ఎత్తుకుంటాను," అనేది ఎరుకమ్మ. "నువ్వేడిస్తే మాత్రం ఎత్తుకోను బాబూ, నా నడుం పోతాది."

అందరూ నవ్వేవాళ్లు. గురువమ్మ కూడా నవ్వేది. ఆ రోజుల్లో ఆ ఇల్లు నిజంగానే బిడ్డ రాబోయే ఇంటిలా ఉండేది. వంటింటి తలుపుకు నీలం రంగు వేసింది కూడా గురువమ్మే. గడియ కిర్రుమంటే ఆఫీసు నుంచి వచ్చే మేడమ్ ఏమనుకుంటుందోనని దానికి కొబ్బరినూనె రాసింది. చూశారా, ఇన్ని సర్దిన మనుషుల్లో ఒక్కరికైనా ఆ గడియ తీసేయాలని తోచలేదు. రోజూ దాని వెనక నిలబడే మనిషికే తోచలేదు.

మేడమ్ ఒక మధ్యాహ్నం వచ్చింది. గోల్ ఘర్‌లో ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన తెలుగావిడ, సాదా చీర, భుజాన సంచి. టీ తాగి ఇల్లంతా తిరిగింది. డ్రమ్ము మూత ఎత్తి చూసింది, కాలువ మీద చెక్కల్ని కాలితో నొక్కింది. ఉయ్యాల దగ్గర ఆగి, "ఎవరు అల్లారు భయ్యా? బహుత్ అచ్ఛా," అంటే దానయ్య సిగ్గుపడ్డాడు. తర్వాత వంటింటి తలుపు దగ్గర ఆగింది.

"దీనికి బయట గడియేమిటి?"

మల్లేశు తడుముకోలేదు.

"కుత్తా కోసం దీదీ. వీధి కుక్కలు సేపల వాసనకి నోపలికి దూరిపోతన్నాయి."

"అచ్ఛా. తీసేయండి మరి. పిల్ల లోపల ఉండగా ఎవరైనా వేస్తే కష్టం," అని మేడమ్ ముందుకు కదిలింది. అంతే. గండం గడిచిపోయింది. దానయ్య ఊపిరి వదలడం గురువమ్మకు వినిపించింది.

ముందు గదిలో కూర్చుని మేడమ్ ఎరుకమ్మను పలకరించింది. "పిల్ల వస్తే ఎక్కడ పడుకోబెడతారమ్మా?"

ఈ ప్రశ్న మల్లేశు నేర్పినవాటిలో లేదు. ఎరుకమ్మ ఉన్నదున్నట్టు, ప్రేమగానే చెప్పింది.

"ఎక్కడేటమ్మా, వంటింట్లో తల్లి కాడే. పొద్దున్నే మగోళ్లెల్లిందాకా ఇద్దరూ నోపలే ఉంటారు. ఎవురు కన్న పిల్లో ఏటో, ఎదురవకుండా ఉంటే మనకీ మంచిదే గదా."

మేడమ్‌కు ఆ యాసలో సగమే అర్థమైంది. పొద్దుటి గాలి తగలకుండా కాబోలు అనుకుని తలూపింది. గురువమ్మకు మొత్తం అర్థమైంది. ఆమె భర్త వైపు చూసింది. దానయ్య ఉయ్యాల తాడు ముడి సరిచేస్తూ కూర్చున్నాడు. ఈ సంగతి తల్లీ కొడుకులు ఎప్పుడో మాట్లాడుకున్నారని ఆ వంగిన మెడే చెబుతోంది. అప్పుడు గురువమ్మ కళ్ల ముందు ఒక చిన్న పిల్ల కనబడింది. చీకటి వంటింట్లో తన చీర కుచ్చిళ్లు పట్టుకుని, తలుపు మీద అరచేత్తో కొడుతూ, "అమ్మా, తియ్యవా?" అంటోంది. తీయడానికి గడియ తన వైపు లేదు.

చివర్లో మేడమ్ అందరినీ బయటికి పంపి గురువమ్మ ఒక్కదాన్నే కూర్చోబెట్టింది.

"నాకంతా బాగానే ఉంది గురువమ్మ గారూ. మీరేమైనా చెప్పాలా?"

ఏమీ లేదంటే చాలు. ఆ ఒక్క మాటతో బిడ్డ ఒళ్లోకి వస్తుంది. గురువమ్మ పెదవులు ఆ మాట కోసం కదిలాయి కూడా.

"ఆ గడియ కుక్క కోసం కాదు మేడమ్," అంది. "నా కోసం."

తర్వాత ఏడుపు లేకుండా అంతా చెప్పింది. మేడమ్ కళ్లే ముందు తడిశాయి.

"మీరు మంచి తల్లి అవుతారు. ఇప్పుడే తెలిసింది నాకు," అంది. "అందుకే ఈ ఇంటికి ఇప్పుడు పిల్లని ఇమ్మని రాయలేను. మీవాళ్లతో మాట్లాడతాను. ఒకసారి కాదు, వాళ్లకి తెలిసొచ్చేదాకా వస్తాను. తల్లికే చోటు లేని ఇంట్లో పిల్లకి చోటెక్కడిది దీదీ?"

మేడమ్ బయటికొచ్చి ఇంట్లోవాళ్లతోనూ ఆ మాటే చెప్పింది. ఎరుకమ్మ నోరు నొక్కుకుంది. మల్లేశు ముఖం తిప్పుకున్నాడు. ఆమె వెళ్లిపోయాక దానయ్య తన భార్య ముందు నిలబడి గొంతు పెంచాడు.

"ఒక్క మాట నోరు మూసుకుంటే పిల్ల వచ్చేది గదే!"

"వచ్చేది. రేపట్నించి ఇద్దరం నోపలుండేవోళ్లం," అంది గురువమ్మ.

దానయ్య రెంచీ, స్క్రూడ్రైవరూ తెచ్చి ఆ సాయంత్రమే గడియ ఊడబీకాడు. నీలం రంగు మధ్య స్క్రూల రంధ్రాలు మిగిలాయి. గురువమ్మకు ప్రాణం లేచివచ్చినట్టయింది. ఆ సంతోషం తెల్లవారేదాకా నిలిచింది.

తెల్లవారుజామున టీ గ్లాసు అందిస్తూ దానయ్య మెల్లగా అన్నాడు: "గడియ లేదు గదా. నువ్వే ఎల్లి కూసో."

గురువమ్మ వెళ్లలేదు. గ్లాసు పట్టుకుని వీధి గుమ్మంలో కూర్చుంది. ఎరుకమ్మ తిట్టింది, తల బాదుకుంది. మల్లేశు "క్యా హై వదినా, పొద్దుపొద్దున్నే!" అని విసుక్కున్నాడు. చివరికి అన్నదమ్ములు ఆమెకు ఎదురుపడకుండా ఐస్ పెట్టె ఎత్తుకుని, ఇన్నేళ్లు ఆమెను దాచిన వంటింట్లోంచే నడిచి, తల్లి తాళం తీసిన పెరటి గుమ్మం దాటి, పిల్ల పడకూడదని వేసిన చెక్కల మీదుగా కాలువ దాటిపోయారు. దానయ్య వెనక్కి తిరిగి చూడలేదు. ఉయ్యాల ఖాళీగానే వేలాడుతోంది.

పాఠకులారా, సున్నం వేసి, డ్రమ్ముకు మూత పెట్టి, అన్నీ సిద్ధమయ్యాయనుకునే ఇళ్లు మనలో ఇంకా ఎన్ని ఉన్నాయో. బిడ్డను ఇంటికి తెచ్చుకోవాలనుకునే వాళ్లు, ముందు ఆ బిడ్డకు తల్లి కాబోయే మనిషిని వీధి గుమ్మంలో నిలబడనివ్వండి.